మీ దిక్కు లోడ్ ఎక్కువుంది

సర్వపిండి ముద్దను గంజు అడుగుకు ఒత్తుతుండగా ఫోన్ మోగింది. కుడిచేతి నిండా పిండి. ఎడమచేతి చిటికెన వేలితో పచ్చగుర్తు పైకి జరిపి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "పోగు ఫైబర్, చెప్పండి" అన్నాను. ఆరేళ్లుగా రోజుకు ఎనభై తొంభై సార్లు అంటున్న మాట అది. మొన్న మా అక్క ఫోన్ చేసినా చూసుకోకుండా అదే అన్నాను. అక్క కాసేపు నవ్వి, "నీతోటి మాట్లాడాల్నంటె మేము గుడ కనెక్షన్ తీస్కోవాల్నేమోనే" అంది. నేనూ నవ్వాను గానీ ఆ తర్వాత చాలాసేపు మనసు బాగోలేదు.

ఈ నంబర్ నాది. డిగ్రీ రెండో సంవత్సరంలో మా బాపు కొనిచ్చిన ఫోన్‌తో వచ్చింది. మా ఆయన నాగేశ్ కేబుల్ టీవీ పనిలోంచి ఇంటర్నెట్‌లోకి దిగిన రోజుల్లో కరపత్రం మీద వేయడానికి ఒక నంబర్ కావాల్సి వచ్చింది. "నీ నంబర్ ఏస్తున్న. నువ్వు ఇంట్లనే ఉంటవు గదా" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. అప్పుడు మాకు సిద్దిపేటలో రెండు వందల పన్నెండు ఇళ్లు. ఇప్పుడు ఆరు వేల నాలుగు వందలు. ప్రతి ఇంట్లో గోడకు తగిలించిన తెల్ల డబ్బా మీద నా నంబర్ ఉంటుంది. పేరు ఉండదు, కస్టమర్ కేర్ అని ఉంటుంది. కంపెనీకి పోగు అనే పేరు కూడా నేను పెట్టిందే. మాది మగ్గం నేసిన ఇల్లు. గాజు తీగను మొదటిసారి చేతిలో పెట్టుకుని చూసినప్పుడు, ఇది అచ్చం నూలు పోగులా ఉంది గదా అన్నాను. మర్నాడు నాగేశ్ స్నేహితులకు ఆ పేరు చెబుతుంటే విన్నాను. "రాత్రంత ఆలోచన జేసిన" అంటున్నాడు.

ఈ రోజు పదకొండింటికి హైదరాబాద్ నుంచి మనుషులు వస్తున్నారు. అంత పెద్ద పెద్ద కంపెనీలు తీగలు లాగిన ఊళ్లో, ఒక కేబుల్ ఆపరేటర్ వాటిని దాటి ఎట్లా పెరిగాడో చూసి, నచ్చితే చేతులు కలుపుతారట. అప్పుడు చిన్నకోడూరు దాటి ఆ పక్క ఊళ్లన్నిటి దాకా మా లైన్ పోతుంది. వారం రోజులుగా నాగేశ్‌కు కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు. "గిది మన జిందగీ మార్చేది శైలూ. ఏం తక్కువ గావొద్దు. సర్వపిండి చెయ్యి, గిట్లాంటియి వాళ్లకు హైదరాబాదుల దొర్కయి" అన్నాడు. జిందగీ ఇద్దరిదీ అన్నాడు, నా వంతుకు సర్వపిండి వచ్చింది.

"అక్కా," అంది ఫోన్‌లో గొంతు. వెనకాల నల్లా నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు. "నేను చిన్నకోడూరు రాజేంద్రప్రసాద్ గారి కోడల్ని. రిషితను."

నా వేళ్లు పిండిలోనే ఆగిపోయాయి.

"నా ఫోన్ల ఇరవై రోజుల సంది నెట్ వస్తలేదక్కా. ఇయ్యాల పదకొండున్నరకు నాకు ఇంటర్వ్యూ ఉంది. వీడియోల. మెడికల్ కోడింగ్ పని, ఇంట్ల కూసునే చేసుకోవచ్చు. నేను బీఫార్మసీ చదివిన. అరగంట అంతే అక్కా, పన్నెండింటికి అయిపోతది. జర చూడరా?"

నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చేసింది. "మీ దిక్కు లోడ్ ఎక్కువుందమ్మా. చూస్తం."

అవతల బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు. ఆమె ఫోన్ పెట్టేస్తే బాగుండు అనుకున్నాను.

"లోడ్ నా ఒక్క ఫోన్ మీదనేనా అక్కా?" అంది రిషిత. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. "మా ఆయన ఫోన్ల వస్తది. మామయ్య ఫోన్ల వస్తది. టీవీల గుడ వస్తది."

"సిమ్ముల డేటా లేదా?"

"మాట్లాడుకునే ప్యాకే ఏయిస్తడు మా ఆయన. ఇంట్ల వైఫై ఉండంగ అదెందుకు అంటడు." అవతల ఎవరో తలుపు తట్టినట్టున్నారు, గొంతు ఇంకా తగ్గింది. "డబ్బా మీద మీ నంబర్ ఒక్కటే ఉంది అక్కా. ఇంక ఎవలకు చెయ్యాల్నో నాకు తెల్వదు."

చూస్తానని చెప్పి పెట్టేశాను. గోడ గడియారంలో తొమ్మిది నలభై. ఒత్తిన పిండికి వేలితో చిల్లులు పెట్టడం మొదలుపెట్టాను. ఎన్ని పెట్టానో చూసుకోలేదు. నూనె పోస్తే సగం పక్కలకు కారింది. గంజును అట్లాగే పొయ్యి మీద పెట్టి మూత వేశాను.

నిజం చెప్పాలి. రిషిత ఫోన్‌కు నెట్ ఆపింది నేనే. ఇరవై రోజుల కింద రాజేంద్రప్రసాద్ నాగేశ్‌కు ఫోన్ చేశాడు, నాగేశ్ అన్నం తింటూ నాకు చెప్పాడు. "అన్నగారింట్ల కోడలు ఫోన్ బంద్ వెట్టు. పొద్దస్తమానం ఫోన్లనే ఉంటుందట." నేను చేతులు కడుక్కుని వెళ్లి ఆపి వచ్చాను. రెండు నిమిషాల పని. ఇంట్లో డబ్బాకు తగులుకున్న ప్రతి ఫోనూ మా కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. ఏ ఫోన్ కావాలంటే ఆ ఫోన్‌కు, ఏ టైమ్ కావాలంటే ఆ టైమ్‌కు ఆపొచ్చు. తిరిగొచ్చేసరికి నా కంచంలో అన్నం మీద ఈగ వాలి ఉంది.

ఇది మొదలైంది మూడేళ్ల కింద, మంచిగానే. గణేశ్‌నగర్‌లో ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది, కొడుకు పదో తరగతి, ఫోన్ వదలడం లేదు, గుంజుకుంటే అన్నం మానేస్తున్నాడు. ఏమైనా దారి ఉందా అని తెరంతా వెతికి నేనే కనిపెట్టాను. పరీక్షలయ్యేదాకా ఆ పిల్లవాడి ఫోన్‌కు సాయంత్రం పూట నెట్ ఆపాను. పాసయ్యాడు. ఆమె డబ్బా నిండా గరిజెలు పంపింది. ఆ గరిజెలు తింటూనే నాగేశ్‌కు ఆలోచన వచ్చింది. "పెద్ద కంపెనోళ్లకు ఫోన్ చేస్తె ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటరు. మనకు చేస్తె ఇంటాయన చెప్పింది చెప్పినట్టు అయితది. గిది వాళ్లు ఇయ్యలేరు." నెల తిరక్కుండా కొత్త కరపత్రం వచ్చింది, 'ఇంటి పెద్ద చేతిలో ఇంటి ఇంటర్నెట్' అని. హోటళ్ల దగ్గర, మార్కెట్ యార్డులో మగవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏడాదిన్నరలో మా ఇళ్లు రెట్టింపయ్యాయి. మా ధర తక్కువనీ, లైన్ తెగితే గంటలో మనిషి వస్తాడనీ అందరూ అంటారు. అదీ నిజమే. కానీ ఆ ఫోన్లు ఎత్తింది నేను. కొత్తగా కనెక్షన్ అడిగేవాళ్లు స్పీడ్ ఎంత అని అడిగాక, కొంచెం గొంతు తగ్గించి రెండో ప్రశ్న ఏమడిగేవాళ్లో నాకు తెలుసు.

ఆపిన ఫోన్లన్నీ మా అమ్మాయి వర్షిత సగం వాడి వదిలేసిన లెక్కల నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎవరి ఫోన్, నంబర్ ఎంత, ఏ టైమ్. మొదటి పేజీల్లో కొడుకు, బిడ్డ అని ఉంటుంది. పోను పోను భార్య, కోడలు, చెల్లె అని వస్తుంది. ఒకసారి కూర్చుని మొత్తం చూశాను. ఎనభై ఆరు ఫోన్లు. అందులో చదువుకునే పిల్లలవి ఇరవై రెండు. మిగిలిన అరవై నాలుగూ ఆడవాళ్లవి. పెళ్లయిన మగవాడి ఫోన్ ఒక్కటి లేదు. ఆ నోట్‌బుక్ మూసి పప్పుల డబ్బా వెనకాల పెట్టాను, మళ్లీ లెక్కపెట్టలేదు.

ఆ ఆడవాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? నాకే చేస్తారు. డబ్బా మీద ఉన్న నంబర్ అదొక్కటే. ఏం చెప్పాలో నాగేశ్ నేర్పాడు. "మీ దిక్కు లోడ్ ఎక్కువుంది, చూస్తం అను. గంతే. ఇంటి విషయాలల్ల మనం దూరొద్దు." దూరి ఆపేదీ మనమే, దూరొద్దనేదీ మనమే. మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు గుండె దడదడలాడింది. పదోసారి చెప్పేసరికి ఏమీ కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏమీ కాకపోవడమే భయంగా ఉంది.

"ఎవలే ఫోన్ల?" అంటూ మా అత్తమ్మ కొండవ్వ వంటింటి గడప మీద కూర్చుంది.

"కంప్లైంటే అత్తమ్మా."

"కంప్లైంటుకు గంత మొకం పాలిపోతదా?"

డెబ్భై రెండేళ్ల మనిషి. చూపు తగ్గింది గానీ మొహాలు చదవడం తగ్గలేదు. ఎవరి ఇల్లో చెప్పకుండా సంగతి చెప్పాను. ఆమె తన కుడి మోకాలు రాసుకుంటూ విన్నది. ఆ మోకాలు మడిచి కూర్చునే నలభై ఏళ్లు మగ్గానికి నూలు కండెలు చుట్టింది. మా మామయ్య రాజనర్సు నేసిన గొల్లభామ చీరలకు పేరుండేది, చేనేత సొసైటీ వాళ్లు శాలువా కప్పిన ఫోటో ఇప్పటికీ గోడకు ఉంది. ఫోటోలో అత్తమ్మ లేదు.

"మా అవ్వ పానం బాగలేదని కబురొస్తె నన్ను వంపలే మీ మామ," అంది. "చీరలు ఇచ్చేదుండె. నేనేం లొల్లి జెయ్యలే. కండె ముట్టలే. ఒక్క రోజు ఉన్న కండెలతోటి నేసిండు. రెండో రోజు మగ్గం మీద ఊకె కూసున్నడు. మూడో రోజు తానే బస్సెక్కిచ్చిండు." మోకాలు రాయడం ఆపి, "అప్పటికి అవ్వకు మాట వడిపోయింది. గట్లనన్న సూసిన" అంది.

ఇన్నేళ్లలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. సర్వపిండి మూత తీసి చూశాను.

పదకొండుకు పది నిమిషాల ముందే వాళ్లు వచ్చారు. హైదరాబాద్ కంపెనీ తరఫున ప్రమీలాదేవి అనే మేడం, ఆమెతోపాటు లాప్‌టాప్ పట్టుకున్న ఇంకొకాయన. వాళ్ల వెనకాలే, తెల్ల చొక్కా మడత నలగకుండా, రాజేంద్రప్రసాద్. ఆయన వస్తాడని నాగేశ్ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన పని ఏముంది, ఇంకో ప్లేటు సర్వపిండి తప్ప. చిన్నకోడూరులో ఆయన బిల్డింగు మీది గదిలోనే మా మిషన్లు పెట్టాలి. అక్కడి నుంచే ఆ పక్క ఊళ్లన్నిటికీ తీగలు పోవాలి. ఆయన ఊఁ అనకపోతే హైదరాబాద్ వాళ్లు సంతకం పెట్టరు. అంటే ఈ రోజు నా ఇల్లు, వర్షిత చదువు, నాగేశ్ ఆరేళ్ల తిరుగుడు, అన్నీ ఆ తెల్ల చొక్కా మనిషి మొహం మీద ఆధారపడి ఉన్నాయి. ఆయన కోడలు అక్కడ బాత్రూంలో నల్లా విప్పుకుని నాతో మాట్లాడింది.

ప్లేట్లు అందిస్తుంటే ప్రమీలాదేవి అడిగింది. "ఇన్ని వేల ఇళ్లు, ఒక ఆఫీసు కూడా లేదు. కంప్లైంట్లు ఎవరు చూస్తారండి?"

"మా ఇంటామెనే మేడం," అన్నాడు నాగేశ్. "ఖాళీగనే ఉంటది గదా, ఫోన్ ఎత్తుతది."

ఆ మేడం నా వైపు చూసి నవ్వింది. నేను చెప్పడానికి ఏదైనా ఉందేమో అని ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. నా చేతిలో ట్రే ఉంది. "సర్వపిండి చాలా బాగుందండీ" అంది. వర్షిత బడి ఫారంలో తల్లి ఏం చేస్తారు అన్నచోట నాగేశ్ గృహిణి అని రాసినప్పుడు కూడా నేను ఇట్లాగే ఊరుకున్నాను. అప్పుడూ ఫోన్‌లో ఎవరికో లైన్ ఎందుకు తెగిందో చెబుతున్నాను.

"పోయిన నెల కంప్లైంట్ల లిస్టు ఒకసారి చూడొచ్చా?" అన్నాడు లాప్‌టాప్ ఆయన.

"శైలూ, ప్రింట్ తీసి ఇయ్యి."

మగ్గం గదిలోకి వెళ్లాను. ఇంకా ఆ పేరుతోనే పిలుస్తాం. మామయ్య పోయాక మగ్గం గుంటను మట్టితో నింపి, సిమెంటు పోసి, దాని మీద మిషన్ల బీరువా నిలబెట్టాడు నాగేశ్. ఇంట్లో ఏసీ ఉన్న గది అదొక్కటే, మిషన్లకు వేడి తగలొద్దని. అత్తమ్మ అప్పటికే అక్కడ నులకమంచం మీద నడుము వాల్చింది. లిస్టు ప్రింటుకిచ్చాను. తెర మూలన పదకొండూ ఎనిమిది.

రాజేంద్రప్రసాద్ ఇంటి పేజీ తెరిచాను. అయిదు ఫోన్లు, ఒక టీవీ. ఒక ఫోన్‌కు ఎర్ర చుక్క, మిగతా అన్నిటికీ పచ్చ చుక్క. ఒక్క నొక్కు. నొక్కితే ఆమె ఇంటర్వ్యూ మాటలు గది బయటికి వినిపిస్తాయి, ఎవరో ఆయనకు చెబుతారు, ఆయన ఇక్కడే కూర్చుని ఉన్నాడు. నొక్కకపోతే ఏం కాదు. నాకు ఏం కాదు. వచ్చే వారం మళ్లీ ఇంకెవరో చేస్తారు, లోడ్ ఎక్కువుంది అంటాను. వేలు మౌస్ మీద పెట్టి తీశాను, మళ్లీ పెట్టాను. లోడ్ నా ఒక్క ఫోన్ మీదనేనా అక్కా. ఆ పిల్ల అడిగిన తీరు చెవిలోంచి పోవడం లేదు. ఎక్కడో అదే ప్రశ్న నేనూ అడగాల్సి ఉండి అడగలేదు అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద నేను నెట్‌వర్కింగ్ కోర్సు ఒకటి మొదలుపెట్టాను. ఫోన్‌లో పాఠాలు, మధ్యాహ్నం రెండు నుంచి. నేను చేసే పనికి పేరేమిటో, దాన్ని సరిగా ఎట్లా చేయాలో తెలుసుకోవాలని ఉండేది. మొదటి వారం బాగా నడిచింది. రెండో వారం నుంచి వీడియో తిరుగుతూనే ఉండేది. పంతులు నోరు తెరిచి అట్లాగే ఆగిపోయేవాడు. నాగేశ్‌ను అడిగితే, "మన దిక్కు మధ్యాహ్నం లోడ్ ఎక్కువుంటది" అన్నాడు. నమ్మాను. లోడ్ సంగతి నాకు తెలియదా, అయినా నమ్మాను, ఎందుకంటే చెప్పింది మొగుడు. నెల చూసి మానేశాను. "గా కోర్సులు నీతోటి యాడ అయితయ్ తియ్" అన్నాడు తర్వాతెప్పుడో. నాకే ఓపిక లేదు, నా బుర్రకు అంతే అని రెండేళ్లుగా అనుకుంటున్నాను.

ఆరు వేల నాలుగు వందల ఇళ్ల పేజీలు తెరిచిన దాన్ని, మా ఇంటి పేజీ ఎప్పుడూ తెరవలేదు. మా ఇంటి నుంచి కంప్లైంట్ ఎవరిస్తారు? కస్టమర్ నంబర్ ఒకటి కొట్టాను. నా ఫోన్ ఉంది. పక్కన ఎర్ర చుక్క. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు ఆపివేత. పెట్టింది శైలేందర్ లాగిన్ నుంచి. శైలేందర్ మా లైన్‌మన్, నన్ను వదినా అంటాడు, వారానికి నాలుగు రోజులు నా చేతి అన్నం తింటాడు. తేదీ నేను పాఠాలు మొదలుపెట్టిన తొమ్మిదో రోజు. ఆ ముందురోజు మధ్యాహ్నం నేను రెండు కంప్లైంట్ కాల్స్ ఎత్తలేదని నాగేశ్ చిరాకుపడ్డాడు, అదీ గుర్తొచ్చింది.

కోపం వచ్చింది, కానీ కోపం కంటే ముందు సిగ్గేసింది. అరవై నాలుగు మంది ఆడవాళ్లకు నేను ఏ అబద్ధం చెప్పానో శైలేందర్‌తో నా నెట్ ఆపించి అదే అబద్ధం నాకు చెప్పాడు నాగేశ్, ఆ అబద్ధాన్నే నాతో వాళ్లకు చెప్పించాడు. నేను రోజూ ఉతికే చొక్కా వేసుకుని పక్క గదిలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడే వెళ్లి అడగాలనిపించింది. అడిగితే ఏమంటాడో కూడా తెలుసు. "కంపెనీ కోసమే గదా శైలూ." అప్పుడు పదకొండూ ఇరవై. అడగడం తర్వాత సంగతి.

రిషిత ఫోన్ పక్కన ఎర్ర చుక్క తీసేశాను. ఫోన్ చేశాను. "ఇప్పుడు చూడమ్మా."

"వచ్చింది," అంది. ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "అక్కా, వచ్చింది."

అక్కడితో ఆగలేదు. కంప్యూటర్ మొత్తం నడిపే పాస్‌వర్డ్ నా చేతిలోనే ఉంటుంది. "అవన్ని నువ్వే చూస్కో, నాకు దిమాక్ తింటయ్" అని నాగేశే ఇచ్చాడు. శైలేందర్ లాగిన్ మూసేశాను. వర్షిత పుట్టిన తేదీ ఉన్న పాత పాస్‌వర్డ్ తీసి, కొత్తది పెట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను. తెర మూసి, ప్రింట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, పప్పుల డబ్బా వెనక నుంచి నోట్‌బుక్ కూడా తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పటికి తెలియదు. చేతిలో అది ఉంటే కొంచెం గట్టిగా ఉన్నట్టనిపించింది.

ముందు గదిలో టీలు అయ్యాయి. నాగేశ్ గోడ మీది పటంలో వేలు పెట్టి చిన్నకోడూరు చూపిస్తున్నాడు. నేను ప్రింట్లు ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. పదకొండు ముప్పై. ముప్పై అయిదు. అక్కడ రిషితను ఏం అడుగుతున్నారో, ఏం చెబుతోందో. జుట్టు దువ్వుకునే టైమైనా దొరికిందో లేదో. పదకొండు నలభై రెండుకు రాజేంద్రప్రసాద్ ఫోన్ మోగింది. చేసింది కొడుకు, రిషిత భర్త వంశీ అని ఆయన అన్న మొదటి మాటకే తెలిసిపోయింది. విన్నాడు, పెట్టేశాడు. గొంతు పెంచలేదు.

"నాగేశూ, మా కోడలు ఫోన్ల నెట్ ఎట్లొచ్చింది? తలుపు వెట్టుకొని ఎవలతోనో మాట్లాడుతుందట."

నాగేశ్ మొహం ఒక్క క్షణం చిన్నబోయి మళ్లీ తేరుకుంది. మేడం వైపు తిరిగాడు. "గిదే మేడం మా స్పెషల్. ఇంటాయన చెప్తె ఒక్క నిమిషంల బంద్ అయితది. మీ ముంగటనే చూపిస్త."

"ఏ ఫోన్ కావాలంటే అదా?" అంది ప్రమీలాదేవి. కళ్లద్దాలు సర్దుకుంది. "బాగుంది. పిల్లలున్న ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది." ఆమె ఆడమనిషి కాబట్టి ఏదో అంటుందని ఎదురుచూశానని అప్పుడు తెలిసింది నాకు. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది.

"శైలూ, అన్నగారింటి ఫోన్ బంద్ వెట్టు," అన్నాడు నాగేశ్.

"నేనే తెరిచిన," అన్నాను.

నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. వాళ్లకు వినపడలేదేమో అనుకుని మళ్లీ అన్నాను. "ఆమె ఇంటర్వ్యూల ఉన్నది. నేనే తెరిచిన."

రాజేంద్రప్రసాద్ నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. ఇప్పటిదాకా ఆయనకు నీళ్లూ టీ అందించింది వేరే మనిషి అన్నట్టు. నాగేశ్ నవ్వడానికి చూశాడు. "ఏదో పొరపాటయింది అన్నా. ఒక్క నిమిషం" అంటూ మగ్గం గదిలోకి గబగబా నడిచాడు. ఆ వెనక రాజేంద్రప్రసాద్, ఆ వెనక హైదరాబాద్ వాళ్లు. చివరగా నేను.

నాగేశ్ నా కుర్చీలో కూర్చున్నాడు. ఎత్తు సరిపోక మోకాళ్లు బల్లకు తగిలాయి. వర్షిత పుట్టిన తేదీ కొట్టాడు. తప్పు అంది తెర. మళ్లీ కొట్టాడు. తప్పు. శైలేందర్‌కు ఫోన్ చేసి స్పీకర్ మీద పెట్టాడు. "అన్నా, నాది గుడ తీస్కుంటలేదు, ఏమైందో" అన్నాడు శైలేందర్. నాగేశ్ మెడ వెనక చెమట పట్టింది. ఆరేళ్లలో ఆ తెర ముందు అతను కూర్చోవడం నేను చూడలేదు. ఎక్కడ ఏముంటుందో తెలియక కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. జాలేసింది. నిజంగానే జాలేసింది, అది దాచుకోను. పోయేది అతని ఒక్కడి కల కాదు.

నులకమంచం మీద అత్తమ్మ లేచి కూర్చుంది. "ఏందిరా, దాని పని నువ్వు జేస్తున్నవ్?" అంది. "నీతోటి గాదు, లే."

"ఊకో అవ్వా," అని కసిరాడు. కుర్చీ నా వైపు తిప్పాడు. పళ్ల మధ్య నుంచి, బయటివాళ్లకు వినపడకుండా అనుకున్నాడు గానీ అందరికీ వినపడేట్టే అడిగాడు. "పాస్‌వర్డ్ ఏంది?"

తెర మూలన పదకొండూ యాభై ఒకటి. ఇంకా తొమ్మిది నిమిషాలు. నోట్‌బుక్ రెండు చేతులతో పట్టుకున్నాను. అందులో ఆడవాళ్లవి అరవై నాలుగు నంబర్లున్నాయి. పన్నెండు దాటాక మొదటి నంబర్ నుంచి వరసగా చేస్తాను, మీ ఫోన్ ఎందుకు నడవలేదో చెప్తాను, ఆపింది నేనేనని కూడా చెప్తాను. అది అయ్యేదాకా నా ఫోన్ పక్కన ఎర్ర చుక్క తీసేయను. వాళ్లు తిట్టినా వింటాను. కంపెనీ ఉంటుందో పోతుందో, ఈ ఇంట్లో నేను ఏ గదిలో పడుకుంటానో సాయంత్రానికి తెలుస్తుంది.

"నిన్నే అడిగేది. పాస్‌వర్డ్ ఏంది శైలజా?"

"మన దిక్కు లోడ్ ఎక్కువుంది," అన్నాను. "చూస్తం."